ఎండీ-పీహెచ్‌డీ చేస్తానంటోంది మా అమ్మాయి, ఎనిమిదేళ్లంటే భయంగా ఉంది

వేణు_నాన్న (శనివారం, ఉదయం 9:10)
అందరికీ నమస్కారం. మా అమ్మాయి బయోకెమిస్ట్రీ మూడో ఏడాది చదువుతోంది, రెండేళ్లుగా యూనివర్సిటీలోనే ఒక ల్యాబ్‌లో పనిచేస్తోంది. డాక్టరవుతుందని మేం మొదటి నుంచీ అనుకుంటున్నాం, తనూ అదే అనేది. పోయిన వారం ఫోన్ చేసి, ఉత్త ఎండీ కాదు నాన్నా, ఎండీ-పీహెచ్‌డీ కలిపి చేస్తాను అంది. ఎన్నేళ్లమ్మా అంటే ఎనిమిది అంది. దాని తర్వాత హాస్పిటల్లో శిక్షణ, రెసిడెన్సీ అంటారట, ఆ తర్వాత ఒక విభాగంలో ఇంకా లోతైన శిక్షణ, ఫెలోషిప్. నేను వేళ్ల మీద లెక్కేసుకున్నాను, సొంతంగా నిలబడేసరికి ముప్పై ఏడో ముప్పై ఎనిమిదో వస్తాయి. ఫీజు ఉండదట, పైగా నెలనెలా వాళ్లే డబ్బులిస్తారట. నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాను, మా ఆవిడ బ్యాంకులో, మా ఇద్దరికీ ఈ వైపు ఏమీ తెలియదు. కాదు అనడానికి మనసు రావట్లేదు, సరే అనడానికి ధైర్యం చాలట్లేదు. ముందు డాక్టరయిపోయి, కావాలంటే తర్వాత రిసెర్చ్ చేసుకోకూడదా? తెలిసినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి.

సుధ_మైక్రో (9:34)
ఒక్క మాట ముందే చెబుతాను, ఇండియా నుంచి చదివేవాళ్లు పొరబడతారు. ఇక్కడ అమెరికాలో ఎండీ అంటే మన ఎంబీబీఎస్ తర్వాత చేసే పీజీ కాదు, డిగ్రీ అయ్యాక చేరే నాలుగేళ్ల మొదటి వైద్య డిగ్రీయే. దానికి పీహెచ్‌డీ కలిపి ఒకే ప్రోగ్రామ్‌గా ఇస్తారు.

తెల్లకోటు (10:02)
వేణు గారూ, నేను ఈ దారిలోనే వచ్చాను, ఎనిమిదిన్నరేళ్లు పట్టింది, ఇప్పుడు ఇంటర్నల్ మెడిసిన్ రెసిడెన్సీ రెండో ఏడాది. మామూలుగా ఎలా ఉంటుందంటే, మొదటి రెండేళ్లు మెడికల్ స్కూల్లో క్లాసులు, కొన్నిచోట్ల ఇప్పుడు ఏడాదిన్నరకే ముగిస్తున్నారు. మధ్య వేసవుల్లో రెండు మూడు ల్యాబ్‌లలో కొన్ని వారాలు పనిచేసి గైడ్‌ను ఎంచుకుంటారు. తర్వాత నాలుగేళ్లు, ఒక్కోసారి ఐదేళ్లు పీహెచ్‌డీ. థీసిస్ డిఫెన్స్ అయ్యాక మళ్లీ వెనక్కి వచ్చి వార్డుల్లో చివరి రెండేళ్లు. సగటున ఎనిమిదేళ్లు, మీ అమ్మాయి సరిగ్గానే చెప్పింది.

ఈ ఎనిమిదేళ్లూ ఒకే చదువులా ఉండవు. రెండేళ్లు తోటివాళ్లతో కలిసి చదువుతారు, అదే బ్యాచ్ వాళ్లు మీరు ల్యాబ్‌లో ఉండగానే డాక్టర్లయిపోతారు. నేను పీహెచ్‌డీ మూడో ఏడాదిలో ఉండగా నా మొదటి రూమ్మేట్ అదే హాస్పిటల్లో రెసిడెంట్‌గా ఎదురయ్యాడు, మెడలో పేజరూ చేతిలో పేషెంట్ లిస్టూ. ఆ రోజు ఇంటికెళ్లి భోజనం చేయలేదు. పిల్లలకు ముందుగా చెప్పాల్సింది ఇదే. చదువు బరువు వాళ్లు మోస్తారు, చుట్టూ ఉన్నవాళ్లంతా ముందుకెళ్లిపోవడం చూస్తూ ఉండటమే కష్టం.

రవి_లెక్కలు (10:40)
డబ్బు సంగతి నేను చెబుతాను. ఎన్‌ఐహెచ్, అంటే అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ, నిధులిచ్చే ప్రోగ్రామ్‌లను ఎంఎస్‌టీపీ అంటారు, ఇలాంటివి యాభైకి పైనే ఉన్నాయి. వాటిలో ట్యూషన్ మొత్తం మాఫీ, హెల్త్ ఇన్సూరెన్స్, ఊరిని బట్టి ఏడాదికి సుమారు 35 నుంచి 45 వేల డాలర్ల స్టైపెండ్. ఎంఎస్‌టీపీ కాని ప్రోగ్రామ్‌లు చాలా వరకు ఇలాగే ఇస్తాయి గానీ అన్నీ కాదు, ప్రతిచోటా అడగాలి. ఉత్త ఎండీ చేసి అప్పు తీసుకున్నవాళ్లు బయటికొచ్చేసరికి ఆ అప్పు సుమారు 2 లక్షల డాలర్లు ఉంటుంది. అందుకని చాలామంది తల్లిదండ్రులు ఇది లాభం అనుకుంటారు. కాదండీ. నాలుగేళ్లు ఆలస్యంగా పూర్తిస్థాయి డాక్టరైతే పోయేది ఆ నాలుగేళ్ల డాక్టర్ జీతం, అది ఆ అప్పు కంటే చాలా ఎక్కువ. పైగా రిసెర్చ్‌లో ఉన్న డాక్టర్‌కు బయట ప్రాక్టీస్ చేసే డాక్టర్ జీతం రాదు. ఫీజు మిగులుతుందని దీనిలో చేరితే అది తప్పుడు లెక్క.

ఇంకొకటి, స్టైపెండ్ మీద టాక్స్ ఉంటుంది, కానీ చాలాచోట్ల ముందుగా పట్టుకోరు. మూడు నెలలకోసారి మనమే కట్టుకోవాలి. మా తమ్ముడికి మొదటి ఏడాది ఇది తెలియక ఏప్రిల్‌లో ఒకేసారి కట్టాల్సొచ్చింది.

సత్య66 (11:15)
నేను రిటైరైన కార్డియాలజిస్ట్‌ని. వేణు గారు అడిగిన ప్రశ్న, డాక్టరయ్యాక రిసెర్చ్ చేయకూడదా అన్నది, తేలిగ్గా తీసేసేది కాదు. మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్ ఇద్దరూ ఉత్త ఎండీలే. గోల్డ్‌స్టీన్ ఎన్‌ఐహెచ్‌లో ఉండగా కొలెస్ట్రాల్ విపరీతంగా పెరిగిపోయిన చిన్నపిల్లలను చూశారు, అంత చిన్న వయసులో గుండెజబ్బు ఎలా వస్తుందన్న ప్రశ్న ఆయన్ను వదల్లేదు. తర్వాత డాలస్‌లో ఆ ఇద్దరూ కలిసి అలాంటి రోగుల చర్మకణాలు పెంచి, ఎల్‌డీఎల్‌ను, అంటే చెడు కొలెస్ట్రాల్‌ను, కణం మీద పట్టుకునే రిసెప్టర్ లోపించిందని తేల్చారు. 1985లో నోబెల్ వచ్చింది. ఈరోజు కోట్లమంది వేసుకునే కొలెస్ట్రాల్ మందు స్టాటిన్ ఎలా పనిచేస్తుందో మనకు అర్థమైంది ఆ పని వల్లే. 2012 కెమిస్ట్రీ నోబెల్ తీసుకున్న లెఫ్కోవిట్జ్, కోబిల్కా కూడా పీహెచ్‌డీ లేని డాక్టర్లే. కాబట్టి పీహెచ్‌డీ లేకపోతే సైన్స్ చేయలేరు అనేది అబద్ధం.

తెల్లకోటు (11:48)
సత్య గారూ, మీరు చెప్పింది నిజం, కానీ ఆ తరానికి ఇంకో బడి దొరికింది. వియత్నాం యుద్ధం రోజుల్లో డాక్టర్లకు కూడా సైన్యం పిలుపు వచ్చేది, దాని బదులు ఎన్‌ఐహెచ్‌లో క్లినికల్ అసోసియేట్‌గా రెండు మూడేళ్లు పనిచేయొచ్చు. దేశంలోని మెరికల్లాంటి కుర్ర డాక్టర్లంతా అక్కడ చేరారు. పగలు వార్డు, సాయంత్రం ల్యాబ్. మీరు చెప్పినవాళ్లలో బ్రౌన్, గోల్డ్‌స్టీన్, లెఫ్కోవిట్జ్ ముగ్గురూ అక్కడ పని నేర్చుకున్నవాళ్లే. 1973లో ఆ బలవంతపు సైన్యం పిలుపు ఆగిపోయాక ఆ రద్దీ కూడా పోయింది. 1979లో వైన్‌గార్డెన్ అనే ఆయన, తర్వాత ఎన్‌ఐహెచ్ డైరెక్టర్ అయ్యారు, రిసెర్చ్ చేసే డాక్టర్లు అంతరించిపోయే జాతిలా తయారయ్యారని రాశారు. 2014లో ఎన్‌ఐహెచ్ లెక్క తీస్తే దేశంలోని డాక్టర్లలో రిసెర్చ్ ముఖ్యవృత్తిగా ఉన్నవాళ్లు 1.5 శాతమే. ఇప్పుడు రెసిడెన్సీ అయిన ముప్పై రెండేళ్ల డాక్టర్, అప్పు నెత్తిన పెట్టుకుని, జీనోమిక్స్, కంప్యూటేషన్ మొదటి నుంచి నేర్చుకోవడం చాలా కష్టం. కొందరు చేస్తున్నారు, వాళ్లంటే నాకు గౌరవం.

సత్య66 (12:05)
ఒప్పుకుంటాను. ఆ క్లినికల్ అసోసియేట్ బడి సంగతి నేను లెక్కలోకి తీసుకోలేదు.

సుధ_మైక్రో (12:20)
ఈ జంట చదువుకు కూడా పాత చరిత్రే ఉంది. క్లీవ్‌లాండ్‌లోని కేస్ వెస్టర్న్ రిజర్వ్ 1956లో మొదలుపెట్టింది, అక్కడ చదివిన ఫెరీద్ మురాద్‌కు 1998లో, ఆల్ఫ్రెడ్ గిల్మన్‌కు 1994లో నోబెల్ వచ్చాయి. ఎన్‌ఐహెచ్ 1964లో మూడు స్కూళ్లతో ఎంఎస్‌టీపీ ప్రారంభించింది. కోవిడ్ ఎంఆర్‌ఎన్‌ఏ టీకా వెనకున్న డ్రూ వైస్‌మన్ కూడా బోస్టన్ యూనివర్సిటీలో రెండు డిగ్రీలూ తీసుకున్నవాడే.

మనవాడు యల్లాప్రగడ సుబ్బారావు గారి సంగతి చూడండి. మద్రాసులో వైద్యం చదివి హార్వర్డ్‌లో 1930లో బయోకెమిస్ట్రీ పీహెచ్‌డీ చేశారు. సోదరులను స్ప్రూ అనే పేగుల జబ్బుకు పోగొట్టుకున్న మనిషి. 1945కల్లా లెడర్లీ అనే మందుల కంపెనీలో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్ తయారు చేసింది, అది ఆ స్ప్రూకి మందు. అదే ఫోలిక్ యాసిడ్‌కు అడ్డుపడే అమినోప్టెరిన్‌ను కూడా వాళ్లే తయారుచేసి ఇస్తే సిడ్నీ ఫార్బర్ అనే డాక్టర్ లుకేమియా (రక్త క్యాన్సర్) ఉన్న పిల్లలకు వాడారు. జబ్బు బాధ ఇంట్లో తెలిసినవాడు, కెమిస్ట్రీ చేతిలో ఉన్నవాడు, ఇద్దరూ ఒకే మనిషిలో ఉంటే ఏమవుతుందో దీనికంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

మృదుల_జి4 (మధ్యాహ్నం 1:30)
నేను ఇప్పుడు మధ్యలో ఉన్నాను, పీహెచ్‌డీ నాలుగో ఏడాది. పీహెచ్‌డీ ఏళ్లను మేం జి1, జి2 అంటాం. అంకుల్, మీకు ల్యాబ్ అంటే ఎలా ఉంటుందో ఒక సంగతి చెబుతాను, దాంతో మీ అమ్మాయిని మీరే అడగొచ్చు.

జి2లో నేను ఒక ప్రోటీన్ మీద పనిచేస్తున్నాను. వెస్టర్న్ బ్లాట్ చేస్తే, అంటే ప్రోటీన్‌ను యాంటీబాడీతో పట్టి గీతలా చూపించే పరీక్ష, ప్రతిసారీ సరైన చోట చక్కటి బ్యాండ్ (గీత) వచ్చేది, మందు వేస్తే ఆ బ్యాండ్ తగ్గేది. ఎనిమిది నెలలు దాని మీదే కథ అల్లుకున్నాను, ల్యాబ్ మీటింగ్‌లో రెండుసార్లు చూపించాను, మా గైడ్ పేపర్‌కి పేరు కూడా అనుకున్నారు. చివర్లో సరిచూసుకునే పరీక్ష ఒకటి, కంట్రోల్ అంటాం, మిగిలిపోయింది, ఆ ప్రోటీన్ జీన్‌ను పూర్తిగా తీసేసిన కణాలు. అవి తయారవడానికే మూడు నెలలు పట్టింది. రాత్రి పదిన్నరకు బ్లాట్ స్కాన్ చేశాను. జీన్ లేని కణాల్లో కూడా అదే చోట అదే బ్యాండ్. అంటే నేను ఎనిమిది నెలలుగా చూసింది నా ప్రోటీన్ కాదు, ఆ యాంటీబాడీ పట్టుకున్న వేరే ఏదో. స్కానర్ ముందు కుర్చీలో చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. మర్నాడు గైడ్ చూసి, ఇది మనమే పట్టుకున్నాం, పేపర్ వేశాక ఇంకొకళ్లు పట్టుకోలేదు అన్నారు, అంతే, ఇంకో మాట అనలేదు.

ఆ రాత్రి నాకు ఏడుపొచ్చింది గానీ, మరైతే ఆ బ్యాండ్ ఏమిటి అని కూడా అనిపించింది. నా థీసిస్ ఇప్పుడు దాని మీదే. మీ అమ్మాయికి ఇలాంటిది ఒక్కసారైనా జరిగిందేమో అడగండి. జరిగాక కూడా ల్యాబ్‌కు వెళ్లాలనిపించిందా అని అడగండి. అన్నీ బాగా జరిగిన రెండు వేసవులు చూసి చేరినవాళ్లు జి2లో చాలా అవస్థ పడతారు.

వేణు_నాన్న (1:52)
అమ్మా మృదులా, మీ పోస్ట్ మా ఆవిడకు చదివి వినిపించాను. ఎనిమిది నెలలు పోయాయి కదా పాపం అంది తను. పోలేదేమో అన్నాను నేను, అంటూనే నాకే ఆశ్చర్యం వేసింది.

రాధమ్మ (2:40)
అందరూ బాగా జరిగినవే చెబుతున్నారు, నేను రెండో వైపు చెప్పాలి. మా అబ్బాయి పీహెచ్‌డీ రెండో ఏడాదిలో మానేసి ఉత్త ఎండీకి వెళ్లిపోయాడు. వాడి గైడ్ ఉన్నట్టుండి ఇంకో రాష్ట్రంలో యూనివర్సిటీకి మారిపోయాడు. వీడు ఆయనతో వెళ్తే మెడికల్ స్కూల్ ఇక్కడ ఉంటుంది, ఉంటే ప్రాజెక్ట్ పోతుంది. ఇంకో ల్యాబ్ వెతుక్కో అన్నారు ఆఫీసు వాళ్లు, ఎవరినడగాలో చెప్పలేదు. ఆరు నెలలు తిండి సరిగ్గా తినలేదు బాబు. మిగతా రెండేళ్ల ఫీజుకి అప్పు చేశాం. ఇప్పుడు పిల్లల డాక్టర్‌గా చేస్తున్నాడు, సంతోషంగా ఉన్నాడు, కానీ పండగకి ఇంటికొస్తే ఆ ల్యాబ్ సంగతి ఇప్పటికీ ఎత్తడు.

వద్దని చెప్పట్లేదు వేణు గారూ. పెద్ద పేరున్న గైడ్ కంటే, ఏదైనా తేడా వస్తే పక్కన నిలబడే ప్రోగ్రామ్ డైరెక్టర్ ఉన్నాడా అనేది చూడమనండి. మాకు అప్పుడు ఆ విషయం తెలియలేదు.

తెల్లకోటు (3:05)
రాధ గారూ, ఇది చెప్పినందుకు థాంక్స్. మధ్యలో వదిలేసేవాళ్లు ఉంటారు, అది సిగ్గుపడే విషయం కాదు, కానీ దీని గురించి ఎవరూ నోరు విప్పరు. ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు డైరెక్టర్‌ని సూటిగా అడగొచ్చు. గత పదేళ్లలో ఎంతమంది చేరారు, ఎంతమంది రెండు డిగ్రీలతో బయటికొచ్చారు, గైడ్ మారిపోతే మీరేం చేశారు. జవాబు చెప్పడానికి ఇబ్బంది పడితే అదే మీకు జవాబు.

నవీన్_హెచ్4 (4:20)
మధ్యలో వేరే ప్రశ్న, ఏమనుకోకండి. నేను హెచ్4 మీద, అంటే అమ్మానాన్నల వర్క్ వీసాతో వచ్చే వీసా మీద ఉన్నాను, వచ్చే ఏడాది 21 నిండుతాయి, స్టూడెంట్ వీసా ఎఫ్1కి మారాలి. గ్రీన్‌కార్డ్ లైన్ సంగతి మీకందరికీ తెలుసు. నాలాంటివాళ్లకు ఇది కుదురుతుందా?

రవి_లెక్కలు (4:41)
తమ్ముడూ, నిజం చెప్పాలంటే దారి చాలా ఇరుకు. ఎంఎస్‌టీపీకి ఎన్‌ఐహెచ్ నుంచి వచ్చే టీ32 అనే శిక్షణ గ్రాంట్ డబ్బు సిటిజన్‌లకు, గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్లకు మాత్రమే ఖర్చు పెట్టాలి. మధ్యలో విద్యార్థి సొంతంగా రాసుకునే ఎఫ్30 ఫెలోషిప్ కూడా అంతే. మీలాంటివాళ్లను తీసుకోవాలంటే యూనివర్సిటీ తన సొంత డబ్బు పెట్టాలి, అలా పెట్టేవి కొన్నే ఉన్నాయి. అప్లై చేసే ముందే ప్రతి ప్రోగ్రామ్ ఆఫీసుకి మెయిల్ రాసి, ఇంటర్నేషనల్ విద్యార్థిని తీసుకుంటారా అని రాతపూర్వకంగా అడగండి, లేకపోతే అప్లికేషన్ ఫీజులు వృథా. ఉత్త పీహెచ్‌డీకి మాత్రం ఈ అడ్డంకి చాలా తక్కువ, దాన్ని పక్కన పెట్టేయకండి.

నవీన్_హెచ్4 (4:50)
థాంక్స్ అన్నా. పన్నెండేళ్లుగా ఇక్కడే ఉన్నాను. సరే, మెయిల్స్ రాయడం ఇవాళే మొదలుపెడతాను.

డా_ఇందిర (సాయంత్రం 6:15)
అమ్మాయి కాబట్టి పెళ్లి, పిల్లలు అన్న మాట వేణు గారు రాయలేదు గానీ మనసులో ఉంటుంది, అందుకని నేనే ఎత్తుతున్నాను. నాకు జి3లో పాప పుట్టింది. నా అనుభవంలో ఈ మొత్తం దారిలో అదే అన్నిటికంటే వీలైన కాలం. రెసిడెన్సీలో డ్యూటీలు మన చేతిలో ఉండవు. పీహెచ్‌డీలో రాత్రి రెండింటికి పాపకు పాలిచ్చి, తెల్లారాక ల్యాబ్‌లో కణాలకు మీడియా (పోషకద్రవం) మార్చడానికి వెళ్లొచ్చు. కష్టమే, మా అత్తగారు నాలుగు నెలలు వచ్చి ఉండబట్టి గట్టెక్కాను. ముప్పై ఎనిమిది వచ్చేదాకా జీవితం ఆగిపోతుందని మాత్రం అనుకోకండి, అది పక్కనే నడుస్తూ ఉంటుంది.

నేను చెప్పాలనుకున్నది ల్యాబ్ నుంచి మళ్లీ వార్డుకి వెళ్లిన రోజు గురించి. నాలుగున్నరేళ్ల తర్వాత స్టెతస్కోప్ పట్టుకున్నాను. నా పక్కనున్న పిల్లలు నాకంటే ఐదేళ్లు చిన్న, పొటాషియం ఎంత ఉంటే ఏం చేయాలో టకటకా చెబుతున్నారు, నాకేమో మందుల పేర్లు కూడా గుర్తు రావట్లేదు. మొదటి వారం ఒక ముసలాయన గుండె విన్నాను, ఏదో గరగరమని వినిపించింది, ఏమీ లేదేమో నాకే అలా ఉందేమో అనుకుని చెప్పలేదు. సీనియర్ వచ్చి అయోర్టిక్ స్టెనోసిస్, అంటే గుండె కవాటం ఇరుకైంది అని, మెడ దాకా ఆ శబ్దం వస్తుంది, ఇక్కడ పెట్టి విను అని నా చేయి పట్టుకుని చూపించారు. ఆరు వారాలకు చేతులు మళ్లీ పనిచేయడం మొదలుపెట్టాయి. ఇప్పుడు చాలా ప్రోగ్రామ్‌లు పీహెచ్‌డీ ఏళ్లలోనే వారానికి ఒక పూట క్లినిక్ పెడుతున్నాయి, అలా ఉన్నదాన్నే ఎంచుకోమనండి. మాకు అది లేదు.

ఇంకో సంగతి. రెసిడెన్సీ తర్వాత కూడా ఒక గండం ఉంది. రిసెర్చ్ మొదలుపెట్టే డాక్టర్లకు ఎన్‌ఐహెచ్ ఇచ్చే కె08 లాంటి గ్రాంట్ వస్తే సమయంలో 75 శాతం రిసెర్చ్‌కే ఉంచాలని రూలు, డిపార్ట్‌మెంట్ మాత్రం క్లినిక్‌లు పెంచుతూనే ఉంటుంది. సొంత రిసెర్చ్ నడుపుకోవడానికి ఇచ్చే పెద్ద గ్రాంట్, ఆర్01, మొదటిసారి వచ్చేసరికి చాలామందికి నలభై దాటుతాయి. మావాళ్లలో ఎక్కువమంది చదువు మధ్యలో కాదు, ఇక్కడ పూర్తి క్లినిక్ వైపు జారిపోతారు. ఇది మీ అమ్మాయికి ఎవరూ ఇప్పుడే చెప్పరు.

సత్య66 (6:50)
అంత పొడుగు దారి వద్దనుకుంటే మధ్యదారులు ఉన్నాయి. క్లీవ్‌లాండ్ క్లినిక్ లెర్నర్ కాలేజీలో ఐదేళ్ల ఎండీ, ఒక ఏడాది రిసెర్చ్‌కి, ట్యూషన్ లేదు. బెథెస్డా ఎన్‌ఐహెచ్‌లో మెడికల్ విద్యార్థులకు ఏడాది రిసెర్చ్ ప్రోగ్రామ్ ఉంది. ఎండీ అయ్యాక రిసెర్చ్‌లోకి వస్తే అప్పు తీర్చడానికి ఎన్‌ఐహెచ్ ఏడాదికి 50 వేల డాలర్ల దాకా ఇస్తుంది. ఈ తలుపులన్నీ చూసి ఎంచుకోమనండి.

అమ్మాయి_వేణు (రాత్రి 9:05)
అందరికీ నమస్కారం. నాన్న ఈ లింక్ పంపించారు, మొత్తం చదివాను. మృదుల గారూ, నాకు అంత పెద్దది జరగలేదు. పోయిన ఏడాది ఫ్రీజర్ అలారం ఎవరూ వినకపోవడంతో నా శాంపిళ్లు నాలుగు నెలలవి కరిగిపోయాయి. రెండు రోజులు ల్యాబ్‌కి వెళ్లలేదు, మూడో రోజు వెళ్లాను.

ఎందుకు రెండూ కావాలో నాన్నకి ఫోన్‌లో సరిగ్గా చెప్పలేకపోయాను. వేసవిలో కిడ్నీ క్లినిక్‌లో షాడోయింగ్ చేశాను, అంటే డాక్టర్ వెంట ఉండి చూశాను. ఒకాయన, నాన్న వయసే ఉంటుంది, ఎఫ్‌ఎస్‌జీఎస్ అనే, కిడ్నీ వడపోతను పాడుచేసే జబ్బుతో రెండు కిడ్నీలూ పోయాయి. వాళ్లావిడ కిడ్నీ ఇచ్చింది. కొత్త కిడ్నీలో కూడా వారం తిరక్కుండానే అదే జబ్బు మొదలైంది, మూత్రంలో ప్రోటీన్ పోతోంది. ఆయన డాక్టర్‌ని అడిగింది ఒకటే, ఆమె కిడ్నీ బాగానే ఉంది కదా, నాలోకి వచ్చాక ఎందుకు పాడైంది అని. ఆయన రక్తంలోనే ఏదో ఉందని దశాబ్దాలుగా అనుమానం ఉంది, ఈ మధ్య కొందరిలో కిడ్నీ వడపోతలో ఉండే నెఫ్రిన్ అనే ప్రోటీన్ మీద యాంటీబాడీలు దొరికాయి, కానీ అందరిలో కాదు. డాక్టర్ చాలా ఓపిగ్గా చెప్పారు, చివరికి మాకు పూర్తిగా తెలియదండీ అన్నారు. ఆవిడ ఏమీ అనలేదు, ఒళ్లో పెట్టుకున్న హ్యాండ్‌బ్యాగ్ జిప్ తీసి వేసి తీసి వేసి కూర్చుంది.

మా ల్యాబ్‌లో పనిచేసేది ఆ నెఫ్రిన్ ఉండే కణాల మీదే. నేను ఉత్త పీహెచ్‌డీ చేస్తే వాళ్లిద్దరూ నాకు కనపడరు. ఉత్త ఎండీ చేస్తే నేనూ ఆ కుర్చీలో కూర్చుని తెలియదండీ అనాలి. రెండో పని కూడా చేయడానికి నాకు ఎనిమిదేళ్లు ఎక్కువనిపించట్లేదు. ఇందిర గారు చెప్పిన గండం గురించి నాకు తెలియదు, అది రాసుకున్నాను.

మృదుల_జి4 (9:30)
చెల్లీ, అప్లికేషన్‌లో మామూలు వ్యాసం కాక ఇంకా రెండు ఉంటాయి తెలుసు కదా. ఎండీ-పీహెచ్‌డీ ఎందుకు అన్నది 3,000 అక్షరాలు, రిసెర్చ్ అనుభవం మీద 10,000 అక్షరాలు. ఇప్పుడు రాసింది మొదటిదాని కోసం దాచుకో, ఎక్కువ దిద్దకు. రెండోదానిలో ఆ కరిగిపోయిన శాంపిళ్లు కూడా రాయి, ఆ తర్వాత ఏం చేశావో రాయి.

సుధ_మైక్రో (9:41)
అవును, ఏటా ఈ ప్రోగ్రామ్‌లన్నిటిలో కలిపి చేరేది దాదాపు 700 మందే, మెడికల్ స్కూల్ ప్రవేశ పరీక్ష ఎంక్యాట్‌లో వాళ్ల సగటు 516 చుట్టూ ఉంటుంది. కానీ ఇంటర్వ్యూలో గంటసేపు మాట్లాడేది నీ ప్రయోగం గురించే. మార్కుల గురించి అక్కడ ఎవరూ అడగరు.

వేణు_నాన్న (10:20)
రాధ గారు చెప్పినవి, తెల్లకోటు గారు చెప్పిన మూడు ప్రశ్నలు, ఇందిర గారి క్లినిక్ పూట, అన్నీ ఒక కాగితం మీద రాసుకున్నాను. ఆ కిడ్నీ ఆయన సంగతి మాకు ఇంతవరకు చెప్పలేదు తను. వచ్చే ఆదివారం ఇంటికొస్తోంది. వాళ్ల ల్యాబ్ వేసిన పేపర్ ఒకటి పంపింది, మొదటి బొమ్మలో ఆకుపచ్చగా ఏవో వేళ్లలాంటివి ఒకదానిలో ఒకటి అల్లుకుని ఉన్నాయి. అవేమిటో నాకు కూర్చోబెట్టి చెప్పమన్నాను.